రిజర్వు పారాచూట్

రిజర్వు పారాచూట్ అనగా స్కైడైవింగ్‌లో ప్రధాన పారాచూట్ తెరుచుకోనప్పుడు గానీ, తెరుచుకున్నా క్షేమంగా నేలకు దిగడానికి పనికిరానప్పుడు గానీ వాడే రెండవ పారాచూట్. నేటి పరికరాలలో ఇది ప్రధాన పారాచూట్‌తో పాటు ఒకే సంచిలో, వేరొక అరలో మడిచి ఉంటుంది. ఆ సంచిని వీపున ధరిస్తారు. మూడవ పారాచూట్ ఉండదు కనుక రిజర్వు విఫలమైతే మరొక ఆధారం లేదు. రిజర్వు సక్రమంగా పనిచేయడానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, చెడిపోయిన ప్రధాన పారాచూట్ దాని దారికి అడ్డు లేకుండా తొలగిపోవడం. రెండవది, గొడుగు విచ్చుకోవడానికి చాలినంత ఎత్తు మిగిలి ఉండడం. రిజర్వుకు సంబంధించిన పరికరాలు, శిక్షణ, నియమాలు అన్నీ ఈ రెండింటి చుట్టూ ఏర్పడినవే.

చరిత్ర

1919 ఏప్రిల్ 28న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో గల మెక్‌కుక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ విమానం నుండి దూకి, గాలిలో పడుతూ తన చేతితోనే రిప్‌కార్డ్ లాగి పారాచూట్ తెరిచాడు. ఆ తరువాతి దశాబ్దాలలో వాడిన పారాచూట్లు గుండ్రని గొడుగులు. ప్రధాన పారాచూట్ వీపున, రిజర్వు రొమ్ముపై ఉండేవి. ప్రధాన గొడుగు సగం విచ్చుకొని ఆగిపోతే దానిని వదలకుండానే రిజర్వును చేతులతో పక్కకు విసిరి తెరిచే పద్ధతి అప్పట్లో ఉండేది. ప్రధాన గొడుగును వదలవలసి వస్తే రెండు భుజాల వద్ద ఉన్న కేప్‌వెల్ బిగింపులను విప్పవలసి వచ్చేది. ఒకటి విడిపోయి రెండవది విడిపోకపోతే ప్రమాదం మరింత పెరిగేది.

డొమినా జాల్బర్ట్ రూపొందించిన, గాలితో నిండే అరలు గల దీర్ఘచతురస్రాకారపు గొడుగుకు 1966లో పేటెంట్ లభించింది. విమానపు రెక్క వలె ముందుకు సాగే ఈ గొడుగు క్రమంగా గుండ్రని గొడుగుల స్థానాన్ని ఆక్రమించింది. అయితే ఇది ఒక పక్క సరిగా విచ్చుకోకపోతే మనిషిని వేగంగా గిరగిర తిప్పుతుంది. అటువంటి గొడుగు పైన ఉండగా రిజర్వు తెరిస్తే రెండూ పెనవేసుకుంటాయి. కనుక ముందు ప్రధాన గొడుగును వదిలించుకోవడం తప్పనిసరి అయింది. ఇలా వదిలించుకోవడాన్ని కట్‌అవే అంటారు.

1970ల మధ్యకాలంలో బిల్ బూత్ కనిపెట్టిన మూడు వలయాల అమరిక కట్‌అవేను ఒక్క పిడి లాగే పనిగా మార్చింది. అప్పటినుండి రొమ్ముపై ఉండే రిజర్వు వీపు మీదికి చేరడం, గుండ్రని రిజర్వుల స్థానంలో దీర్ఘచతురస్రాకారపు రిజర్వులు రావడం క్రమంగా జరిగాయి.

రెండు సంఘటనలు

రిజర్వుకు అవసరమైన షరతులను రెండు ప్రసిద్ధ సంఘటనలు తెలియజేస్తాయి. 1959 నవంబరు 16న అమెరికా వాయుసేన అధికారి జోసెఫ్ కిటింజర్ సుమారు 76,400 అడుగుల ఎత్తున బెలూన్ నుండి దూకినప్పుడు, స్థిరంగా ఉంచడానికి అమర్చిన చిన్న పారాచూట్ ముందుగానే తెరుచుకొని దాని తాడు అతని మెడకు చుట్టుకుంది. గిరగిర తిరుగుతూ అతను స్పృహ కోల్పోయాడు. అత్యవసర పారాచూట్ తనంతట తాను తెరుచుకొనే ఏర్పాటు ఉండడం వలన ప్రాణాలతో బయటపడ్డాడు.

1967 ఏప్రిల్ 24న సోవియట్ వ్యోమనౌక సోయుజ్-1 భూమికి తిరిగి వస్తుండగా దాని ప్రధాన పారాచూట్ సంచి నుండి బయటకు రాలేదు. రిజర్వును విడుదల చేసినప్పటికీ, అప్పటికే పైన ఉండి విడిపోకుండా మిగిలిన చిన్న పారాచూట్‌తో అది చిక్కుపడి విచ్చుకోలేదు. వ్యోమగామి వ్లదీమిర్ కొమరోవ్ మరణించాడు. మొదటి సంఘటనలో మనిషి చేయలేని పనిని యంత్రం చేసింది. రెండవదానిలో రిజర్వు ఉన్నా దానికి ఖాళీ దారి దొరకలేదు.

నిర్మాణం

రిజర్వు గొడుగు సాధారణంగా ఏడు అరలు గల, నెమ్మదిగా, నిలకడగా ఎగిరే గొడుగు. ప్రధాన గొడుగులలో చాలావాటికి గాలి చొరని పూత గల నైలాన్ వాడగా, రిజర్వుకు కొద్దిగా గాలి చొరబడే నైలాన్ వాడతారు. ఇది మడవడానికి అనువైనది, నమ్మకంగా విచ్చుకుంటుంది.

రిజర్వు అర తెరుచుకోగానే స్ప్రింగు గల పైలట్ చూట్ బయటకు ఎగిరి గాలిని పట్టుకొని, గొడుగు మడిచి ఉన్న చిన్న సంచిని పైకి లాగుతుంది. ఈ చిన్న సంచి గొడుగుకు కట్టి ఉండదు. కనుక పైలట్ చూట్ గానీ దాని పట్టీ గానీ మనిషికో, ప్రధాన పారాచూట్‌కో తగులుకున్నా గొడుగు సంచి నుండి జారి బయటకు రాగలదు. ప్రధాన పారాచూట్‌లో ఈ సంచి గొడుగుకే కట్టి ఉంటుంది.

రిజర్వు పరిమాణాన్ని ఎన్నుకోవడంలో అనుభవజ్ఞులు కూడా పొరపడే అవకాశం ఉంది. సంచి చిన్నదిగా ఉండాలని చిన్న రిజర్వును ఎంచుకొంటే, స్పృహ లేని స్థితిలోనో, భుజం తొలగిన స్థితిలోనో దానితో వేగంగా నేలను తాకవలసి వస్తుంది. పరికరాలతో కలిపిన బరువు తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ పరిమితిని మించరాదు. ఆ పరిమితి గొడుగు బలానికి సంబంధించినదే గాని, సుఖంగా దిగడానికి హామీ కాదు.

మూడు వలయాల అమరిక

ప్రతి భుజం వద్ద మూడు లోహపు వలయాలు ఒకదాని గుండా మరొకటి మడిచి ఉంటాయి. పెద్ద వలయం మనిషి ధరించిన పట్టీలకు, మిగిలిన రెండూ ప్రధాన గొడుగు తాళ్లు చేరే రైజర్లకు అమరి ఉంటాయి. ప్రతి వలయం తుల వలె పనిచేసి తనపై పడే భారాన్ని కొన్ని రెట్లు తగ్గించి తరువాతి దానికి అందిస్తుంది. చివరకు మిగిలే కొద్దిపాటి భారాన్ని ఒక చిన్న దారపు ఉచ్చు, దాని గుండా పోయే ప్లాస్టిక్ పూత గల తీగ నిలుపుతాయి. కుడివైపు ఉన్న కట్‌అవే పిడిని లాగితే రెండు భుజాల తీగలూ బయటకు వచ్చి వలయాలు ఒకదాని నుండి ఒకటి జారి రైజర్లు విడిపోతాయి.

చాలాకాలం వాడకుండా ఉన్న రైజర్లలో వలయాల వద్ద పట్టీ బిరుసెక్కి వంపు తిరిగి ఉండిపోతుంది. తీగపై మురికి చేరితే పిడి లాగడం కష్టమవుతుంది. అందువలన నెలకొకసారి వలయాలను విప్పి, పట్టీని అటూ ఇటూ వంచి, తీగను తుడిచి తిరిగి అమర్చడం మంచి పద్ధతి.

వైఫల్యాలలో రకాలు

* పూర్తి వైఫల్యం: ప్రధాన పారాచూట్ సంచి నుండి అసలు బయటకు రాదు. పడే వేగం తగ్గదు.
* వేగం తగ్గని పాక్షిక వైఫల్యం: పైలట్ చూట్ బయటకు వచ్చి వెనుక ఈడ్చుకొని రావడం, గొడుగు దాని సంచిలోనే ఉండిపోవడం మొదలైనవి.
* వేగం కొంత తగ్గిన పాక్షిక వైఫల్యం: గొడుగు మీదుగా తాడు పడడం, తాళ్లు ముడిపడడం, తెగడం, మెలిపడి గొడుగు తిరుగుతూ ఉండడం మొదలైనవి.

మూడవ రకం మోసకరమైనది. గొడుగు కొంతవరకు విచ్చుకున్నట్లు కనబడుతుంది కనుక సరిచేయవచ్చునని ఆశ కలుగుతుంది. ఆ ప్రయత్నంలో ఎత్తు హరించుకుపోతుంది. గొడుగు నిండుగా విచ్చుకొని ఉన్నదా, తిరగకుండా నిలకడగా ఉన్నదా, చెప్పినట్లు మలుపు తిరిగి దిగేటప్పుడు వేగం తగ్గించగలదా అనే మూడు ప్రశ్నలకు అవును అని సమాధానం రాకపోతే దానిని వదలవలసిందే.

వాడే విధానం

పాక్షిక వైఫల్యంలో సాధారణంగా బోధించే క్రమం ఇది. కట్‌అవే పిడిని, రిజర్వు పిడిని కళ్లతో చూడాలి. కుడివైపున ఉన్న కట్‌అవే పిడిని పట్టుకొని శరీరాన్ని విల్లు వలె వంచి పూర్తిగా లాగాలి. వెంటనే ఎడమవైపున ఉన్న రిజర్వు పిడిని లాగాలి. పిడిని ముందుగా కళ్లతో చూడడం ముఖ్యం. గొడుగు తిప్పుతున్నప్పుడు పట్టీలు పక్కకు జరిగి పిడి అలవాటైన చోట ఉండకపోవచ్చు. పూర్తి వైఫల్యంలో నేరుగా రిజర్వు లాగాలని కొన్ని శిక్షణ కేంద్రాలు, అన్ని వైఫల్యాలకు ఒకే క్రమం మేలని మరికొన్ని బోధిస్తాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా దానిని ముందే నిర్ణయించుకొని అభ్యసించాలి.

నిర్ణయపు ఎత్తు

స్వేచ్ఛాపతనంలో బోర్లా పడే మనిషి వేగం గంటకు సుమారు 190 నుండి 200 కిలోమీటర్లు ఉంటుంది. ఆ వేగంతో 2,500 అడుగుల నుండి నేలకు సుమారు 14 సెకన్లు, 1,800 అడుగుల నుండి 10 సెకన్లు, 750 అడుగుల నుండి 4 సెకన్లకు కొద్దిగా ఎక్కువ పడుతుంది. అందుచేత సరిచేసే ప్రయత్నాన్ని ఆపి రిజర్వు వైపు మళ్లవలసిన ఎత్తును నేలమీద ఉండగానే నిర్ణయిస్తారు. యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్ ఈ ఎత్తును విద్యార్థులకు, తొలి స్థాయి లైసెన్సు గలవారికి 2,500 అడుగులుగా, పై స్థాయివారికి 1,800 అడుగులుగా సూచించింది. 1,000 అడుగుల దిగువన కట్‌అవే చేయరాదని, అక్కడ ఉన్న గొడుగుకు తోడుగా రిజర్వు తెరవడమే మేలని బోధిస్తారు.

రెండు గొడుగులూ తెరుచుకుంటే

* ఒకదాని వెనుక ఒకటి ఉంటే: కట్‌అవే చేయరాదు. ముందున్న గొడుగును మాత్రమే మృదువుగా నడుపుతూ దిగాలి.
* పక్కపక్కన ఉంటే: రెండూ చిక్కుపడి లేకపోతే ప్రధాన గొడుగును వదలవచ్చు. లేదా తలపై ఎక్కువగా ఉన్న గొడుగును మృదువుగా నడుపుతూ దిగవచ్చు.
* రెండూ విడిపోయి నేలవైపు దూసుకుపోతుంటే: ప్రధాన గొడుగును వెంటనే వదలాలి.

సహాయక పరికరాలు

రిజర్వు అనుసంధాన పట్టీ: ప్రధాన రైజరుకు, రిజర్వు పిన్నుకు మధ్య ఉండే పట్టీ. కట్‌అవే చేయగానే ఎగిరిపోయే రైజర్ ఈ పట్టీ ద్వారా రిజర్వు పిన్నును లాగుతుంది. ఇది ఉన్నప్పటికీ రిజర్వు పిడిని చేతితో లాగే అలవాటు మానరాదు. ఇద్దరి గొడుగులు చిక్కుపడినప్పుడు, నేలమీద బలమైన గాలిలో గొడుగును వదలవలసి వచ్చినప్పుడు ఈ పట్టీని ముందుగా విడదీయవలసి రావచ్చు.

స్కైహుక్: 2000ల తొలి సంవత్సరాలలో బిల్ బూత్ సంస్థ తెచ్చిన ఈ అమరికలో, విడిపోయి ఎగిరిపోతున్న ప్రధాన గొడుగే రిజర్వు సంచిని బయటకు లాగుతుంది. దీనివలన రిజర్వు విచ్చుకోవడానికి పట్టే ఎత్తు బాగా తగ్గుతుంది.

స్వయంచాలక పరికరం: జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ రూపొందించిన సైప్రెస్ 1991లో విపణిలోకి వచ్చింది. ఇది గాలి పీడనాన్ని బట్టి ఎత్తును, వేగాన్ని లెక్కిస్తుంది. అనుభవజ్ఞుల కోసం చేసిన రకం సుమారు 750 అడుగుల ఎత్తున పడే వేగం సెకనుకు 35 మీటర్లు మించి ఉంటే రిజర్వు అరను మూసి ఉంచిన దారపు ఉచ్చును కత్తిరిస్తుంది. ఇది పిన్నును లాగదు, ప్రధాన గొడుగును వదలదు. సగం విచ్చుకున్న గొడుగు కింద వేగం ఆ హద్దుకు తక్కువగా ఉంటే ఇది పనిచేయదు. మరోవైపు, ప్రధాన పారాచూట్‌ను బాగా దిగువన తెరిస్తే అది విచ్చుకుంటుండగానే ఈ పరికరం రిజర్వును కూడా విడుదల చేయవచ్చు. 2013లో అమెరికా సంఘం పై స్థాయి లైసెన్సులు గలవారు పారాచూట్ తెరవవలసిన కనీస ఎత్తును 2,000 నుండి 2,500 అడుగులకు పెంచింది.

మడత, తనిఖీ

ప్రధాన పారాచూట్‌ను దూకేవారే మడుచుకోవచ్చు. రిజర్వును మాత్రం ధ్రువీకరణ పొందిన రిగ్గర్ మడవాలి. మడిచిన తరువాత పిన్నుకు ఎర్ర దారం కట్టి ముద్ర వేసి, తేదీని కార్డుపై నమోదు చేస్తాడు. అమెరికాలో కృత్రిమ నూలుతో చేసిన రిజర్వును తిరిగి మడవవలసిన గడువు 2008 వరకు 120 రోజులు ఉండగా, ఆ సంవత్సరాంతంలో 180 రోజులకు పెంచారు. ఈ గడువు రోజులలో లెక్కించబడుతుంది. ఒక్కసారి కూడా దూకకపోయినా గడువు తీరుతుంది.

ప్రమాదాల తీరు

అమెరికాలో 1970లలో సగటున ఏటా 40 మందికి పైగా స్కైడైవింగ్‌లో మరణించగా, 2023లో 10 మంది మరణించారు. పరికరాలు మెరుగుపడడం ఇందుకు ముఖ్య కారణం. అయితే 1990ల నుండి చిన్నవైన, వేగవంతమైన గొడుగులు వ్యాపించిన తరువాత, చక్కగా విచ్చుకున్న గొడుగు కిందనే నేలకు దగ్గరగా పదునైన మలుపులు తిరిగి అనుభవజ్ఞులు మరణించడం ఒక ప్రధాన కారణంగా నిలిచింది. అటువంటి స్థితిలో రిజర్వు ఉపయోగపడదు. పరికరం సురక్షితమైన కొద్దీ మనుషులు మరింత సాహసానికి పూనుకుంటారన్న అభిప్రాయం బిల్ బూత్ పేరుతోనే ప్రచారంలో ఉంది.

భారతదేశంలో

భారతదేశంలో పారాచూట్ల రూపకల్పన ముఖ్యంగా ఆగ్రాలోని రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ ప్రయోగశాలలో జరుగుతుంది. గగన్‌యాన్ వ్యోమగాముల గదికి అవసరమైన పారాచూట్లు కూడా అక్కడే రూపొందాయి. ఈ గదికి విడిగా రిజర్వు లేదు. మూడు ప్రధాన పారాచూట్లలో రెండు తెరుచుకున్నా క్షేమంగా దిగేటట్లు ఏర్పాటు చేశారు. 2023 అక్టోబరు 21న ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి జరిపిన మానవరహిత ప్రయోగంలో ఈ గది పారాచూట్ల సాయంతో బంగాళాఖాతంలో దిగింది.

ఇవి కూడా చూడండి

* పారాచూట్
* స్కైడైవింగ్
* గగన్‌యాన్