రంగుని చూసి పెట్టిన పేరు

సిర్రోసిస్ అన్న మాటకి అసలు అర్థం తెలిస్తే కాస్త నిరుత్సాహం కలుగుతుంది. గ్రీకులో 'కిర్రోస్' అంటే గోధుమ ఛాయ కలిసిన పసుపు. అంతే! స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు లెనెక్ 1819లో గుండె, ఊపిరితిత్తుల చప్పుళ్ళ మీద పెద్ద పుస్తకం రాస్తూ, శవపరీక్షలో కనబడ్డ బుడిపెల కాలేయానికి ఒక ఫుట్‌నోటులో ఈ పేరు పెట్టేశాడు. ఆ బుడిపెలు కొత్తగా పుట్టుకొచ్చిన కణుతులని అనుకున్నాడాయన. నిజానికి అవి దెబ్బతిన్న కాలేయం, మచ్చల మధ్య తనని తాను మళ్ళీ కట్టుకోబోయి మిగిల్చిన ముద్దలు. కారణం తప్పని తేలింది, పేరు మాత్రం రెండొందల ఏళ్ళు నిలబడింది. పాత ప్రోగ్రాముల్లో ఎవరో తొందరలో పెట్టిన వేరియబుల్ పేరుని ఇరవయ్యేళ్ళయినా ఎవరూ మార్చరు చూడండి, అలాగన్నమాట.

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి. అయినా ఈ జబ్బు చరిత్ర నన్ను పట్టుకోవడానికి కారణం ఉంది. కాలేయం మూగది. ముప్పాతిక పాడయ్యేదాకా కిక్కురుమనకుండా పనిచేసుకుపోగలదు. కాబట్టి ఈ కథంతా దాన్ని ఎంత ముందుగా చూడగలిగాం అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పాతకాలం వాళ్ళకి కనబడినవి జబ్బు చివర్లో వచ్చే చిక్కులు మాత్రమే: పొట్టలో నీరు, కామెర్లు, రక్తపు వాంతులు, మతి తప్పడం. జలోదరాన్ని మన సుశ్రుతుడు బాగా ఎరుగును. పొట్టకి రంధ్రం చేసి గొట్టం పెట్టి నీరు తియ్యమన్నాడు, అయితే అంతా ఒక్కరోజే తియ్యొద్దన్నాడు. ఈ హెచ్చరిక ఈనాటికీ అర్థవంతమే. ఒక్కసారిగా ఎక్కువ నీరు లాగేస్తే రక్తప్రసరణ దెబ్బతిని కిడ్నీలు మొరాయిస్తాయి. అందుకే ఇప్పుడు ఐదు లీటర్లకి మించి తీసేటప్పుడు ఆల్బుమిన్ ఎక్కిస్తారు.

ఈ చిక్కుల్లో చాలావాటికి మూలం ఒకటే అని తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి వెళ్ళాలి. కాలేయం మచ్చలుపడి గట్టిపడితే దారి మూసుకుపోతుంది. కాలువకి అడ్డుకట్ట పడితే నీళ్ళేం చేస్తాయి? గట్లు తెంచుకుని పక్కదారులు పడతాయి. ఆ పక్కదారుల్లో ఒకటి ఆహారవాహిక గోడలో ఉన్న సన్నటి సిరలు. అవి ఉబ్బి పగిలితే రక్తపు వాంతులు. ఆ ఒత్తిడి పొట్టలో నీరు చేరడానికీ కారణమవుతుంది, ప్లీహాన్నీ వాచేలా చేస్తుంది.

మరి మతి ఎందుకు తప్పుతుంది? దీనికి జవాబు రష్యాలో కుక్కల దగ్గర దొరికింది. 1877లో నికొలాయ్ ఎక్ అనే డాక్టరు కుక్కల్లో పోర్టల్ సిరని కాలేయం దాటించి నేరుగా పెద్ద సిరకి కలిపాడు. 1893లో పావ్లోవ్ బృందం (అవును, గంట కొడితే కుక్క చొంగ కార్చిన పావ్లోవే) అదే ఆపరేషన్ చేసిన కుక్కలకి మాంసం పెడితే అవి తూలి, చిరాకుపడి, చివరికి స్పృహ తప్పాయి. పేగుల్లో తయారయ్యే అమోనియా లాంటి విషాలు, వడపోత లేకుండా మెదడుకి చేరుతున్నాయన్నమాట. లండన్లో షీలా షెర్లాక్ బృందం 1954లో మనుషుల్లో ఇదే సంగతి వివరంగా రాసింది. తర్వాత 1966లో లాక్టులోజ్ వచ్చింది. ఇంట్లో విరేచనాల మందుగా తెలిసిన ఆ తియ్యటి సిరప్పే మతిని నిలబెడుతుంది.

ఇక జబ్బుని కనిపెట్టడం సంగతి. లెనెక్ కాలంలో శవాన్ని కోస్తేగాని తెలిసేది కాదు. 1883లో పాల్ ఎర్లిక్ బతికున్నవాళ్ళ కాలేయం నుంచి సూదితో ముక్క తీశాడు. 1958లో ఇటలీ డాక్టరు మెంఘిని ఆ సూది లోపల ఒక్క సెకనే ఉండేలా చేశాడు. అయినా ఆ ముక్క కాలేయంలో సుమారు యాభై వేలో వంతు! 2003లో ఫైబ్రోస్కాన్ వచ్చాక సూది అవసరం చాలామందికి తప్పింది. పుచ్చకాయని వేలితో కొట్టి చూసినట్టు, పైనుంచి చిన్న కుదుపునిచ్చి ఆ అల ఎంత వేగంగా పోతోందో కొలుస్తుంది. కాలేయం ఎంత గట్టిపడితే వేగం అంత ఎక్కువ.

తర్వాత లెక్కలు రంగంలోకి దిగాయి. అమెరికాలో 2002 నుంచి కాలేయ మార్పిడికి ఎవరు ముందన్నది మెల్డ్ అనే స్కోరు నిర్ణయిస్తోంది. మొదట్లో బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్, మూడే అంకెలు. అయితే ఆడవాళ్ళకి కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువే ఉంటుంది. అంటే జబ్బు అంతే ఉన్నా స్కోరు తగ్గి, వరసలో వెనకబడిపోయేవారు. 2023లో మెల్డ్ 3.0 వచ్చాక ఇది సవరించారు. మనం బగ్ అంటాం. ఇక్కడ బగ్ ఖరీదు ప్రాణాలు.

ఇంత తెలిశాక కూడా మారనిది ఒకటుంది. 1793లోనే లండన్ డాక్టరు మాథ్యూ బెయిలీ ఈ జబ్బుకి తాగుడుతో ముడిపెట్టాడు. అది నిజమే గానీ సగం నిజం. హెపటైటిస్ బి వైరస్ జాడ 1960లలో, సి వైరస్ 1989లో బయటపడ్డాయి. 1980లో మేయో క్లినిక్‌లో లుడ్విగ్ బృందం, తాగుడు అలవాటు లేనివాళ్ళలోనూ కొవ్వు వల్ల కాలేయం సరిగ్గా తాగుబోతులకి పాడైనట్టే పాడవుతుందని రాసింది. మాకు బాబాయి వరసయ్యే ఒకాయన ఇరవయ్యేళ్ళుగా షుగరు మనిషి, జన్మలో మందు ముట్టలేదు. ఆయన పొట్టలో నీరు చేరేసరికి "చాటుగా పుచ్చుకుంటాడట" అని ఊరు ఊరంతా తేల్చేసింది. పిన్ని ఆ మాట పడలేక రిపోర్టులు బీరువాలో దాచి, కామెర్లని చెప్పి పసరు పోయించింది. ఆర్నెల్లు అలా గడిచాయి. అప్పటికి చెయ్యగలిగిన వైద్యం కూడా ఆలస్యమైపోయింది.

చిత్రమేమిటంటే, ముందే ఆయన్ని హెచ్చరించగల లెక్క మామూలు రక్తపరీక్షలోనే ఉంది. 2006లో వచ్చిన ఫిబ్-4 అనే సూత్రం ఇది: వయసుని ఏఎస్‌టీతో గుణించి, ప్లేట్‌లెట్లని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. ఉదాహరణకి వయసు 52, ఏఎస్‌టీ 80, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు లక్ష (లెక్కలో 100 అని వెయ్యాలి). 4160ని 800తో భాగిస్తే 5.2. కొవ్వు కాలేయానికి 1.3 లోపుంటే సాధారణంగా భయం లేదు, 2.67 దాటితే కాలేయం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అరవై అయిదు దాటినవాళ్ళకి 2 దాకా పర్వాలేదంటారు. ప్లేట్‌లెట్లు ఎందుకంటారా? వాచిన ప్లీహం వాటిని పట్టి ఉంచేస్తుంది. ఇందాకటి అడ్డుకట్టే ఇక్కడ ఒక అంకెగా కనబడుతోంది. ఇది జబ్బుని నిర్ధారించే పరీక్ష కాదు, ఇంకొంచెం లోతుగా చూడమని చెప్పే గంట మాత్రమే.

2023లో డాక్టర్లు కొవ్వు కాలేయానికి పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టారు. పాత పేరులో 'ఆల్కహాల్', 'కొవ్వు' అన్న రెండు మాటలూ రోగిని నిందిస్తున్నట్టున్నాయని చాలామంది అనడం ఒక కారణం. మన ఊళ్ళలో ఆ నింద తొలగడానికి ఇంకా టైము పట్టొచ్చు. ఈలోగా ఇంటి నుంచి అమ్మానాన్నల రిపోర్టు వస్తే, షుగరు అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. ప్లేట్‌లెట్ల గడి కూడా చూడండి.