ఆహారమను దేశవిభాగము

ఆహారమనగా తిండియని మనకందరకును తెలియును. పదియేండ్ల క్రిందట ఈ గ్రంథాలయపు అరుగుమీద శాసనములను గూర్చి నాలుగు మాటలు చెప్పుచు, జయవర్మ కొండముది రాగిరేకులలోని “కూదూరాహారము” అను మాటకు “కూదూరి బ్రాహ్మణుల భోజనార్థము” అని అర్థము చెప్పితిని. వినినవారు తలలూపిరి. నాకు గురువు లేడు; ఈ గ్రంథాలయపు బీరువాలే గురువులు. నా తప్పును నాకు చూపినదియు ఆ బీరువాలోని పుస్తకమే. ఆ అప్పును ఈ రజతోత్సవ సంచికలో తీర్చుకొనుచున్నాను.

ఆహారమనునది ఆ కాలమున ఒక పాలనావిభాగము. మన తాలూకా వంటిది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునందే అశోకుడు సారనాథ శాసనమున తన మహామాత్రుల అధికారపు మేరను ఈ మాటతోనే చెప్పినాడు. శాతవాహనులకు ఇది మిక్కిలి వాడుకపదము. నాసికలోని పులుమావి శాసనమును చూడుడు. గోవర్ధనాహారములో భిక్షువులకిచ్చిన సుదసన గ్రామమునకు మారుగా, ఆ ఆహారములోనిదే సామలిపద గ్రామమును ఇయ్యవలసినదని గోవర్ధనపు అమాత్యునకు ఆజ్ఞ. ఊరికి ఊరు మార్పిడి! మా ఇంట కరణీకము 1984లో గ్రామాధికారుల పదవులు రద్దగువరకు సాగినది. నేనిప్పుడు సహకార సంఘపు లెక్కలు వ్రాయుచున్నాను. ఇట్టి మార్పిడి కాగితములు మా తండ్రిగారి దస్త్రములలో ఎన్నియో చూచితిని. అందుచేత ఆ శాసనమును చదివినపుడు అది రెండువేలయేండ్ల నాటిదని నాకు తోచలేదు.

మన సీమలో మరియొక సాక్ష్యమున్నది. ఆదోని ప్రాంతపు మ్యాకదోని శాసనమున ఒక గృహస్థు చెరువు త్రవ్వించిన సంగతి యున్నది. అందు ఆ ప్రదేశము పేరు “సాతవాహనిహారము”. తరువాత పల్లవ శివస్కందవర్మ హీరహడగళ్లి రేకులలో అదే సీమ “సాతాహనిరట్ఠ”మైనది. రట్ఠమనగా రాష్ట్రము. ఏలిక మారెను, విభాగపు పేరును మారెను, సీమ మాత్రము అదియే.

ఇక మాట పుట్టుక. “ఆ” అను ఉపసర్గముతో కూడిన “హృ” ధాతువునకు కొనివచ్చుట యని అర్థము. నోటికి కొనివచ్చునది గనుక తిండి ఆహారమైనది. ఏయే ఊళ్ళనుండి పన్ను ఒక అధికారి యొద్దకు కొనితేబడునో ఆ ఊళ్ళ సముదాయము రెండవ ఆహారమని నా ఊహ. ఇది ఊహయే, కాని దీనికి తోడుగా ఒక మాట చెప్పవచ్చును. అరబ్బీలో “తహసీలు” అనగా వసూలు చేయుట. ఆ వసూలు పేరే విభాగమునకు వచ్చి, దాని అధికారి తహసీల్దారైనాడు. తాలూకా దారి వేరు. అది సంబంధమను అర్థముగల అరబ్బీ మాట. “పెళ్ళివారి తాలూకు మనుష్యులు” అనునపుడు మనము పలుకునది అదియే. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినను ఆ “తాలూకు” పోలేదు.

కూదూరి కథ ఇంకను వినదగినది. సాలంకాయన నందివర్మ కొల్లేరు రేకులలో అది “కుదుహార విషయము”. విషయమనగా కూడ విభాగమే! హారమన నేమో జనులు మరచి, దానిని పేరులో భాగమనుకొని, విభాగమని తెలుపుటకు మరియొక మాటను తగిలించిరి. మనము నడిమధ్య యనుట లేదా? అట్లే. తూర్పు చాళుక్యుల శాసనములనాటికి అది “గుద్రవార విషయము”గా మారినది. నేటి గుడివాడ పేరు దానినుండియే వచ్చినదని పలువురు పండితుల మతము.

నాడు తలలూపినవారిలో కొందరు నేటికిని మన చందాదారులు. వారు “కూదూరి భోజనము”ను కొట్టివేసి, “కూదూరు తాలూకా” అని దిద్దుకొనవలెనని మనవి.