చెల్లెలి పెళ్ళి నాట్యం

బాలే గురించి అంతంత మాత్రం తెలిసినవాళ్ళు కూడా నిజిన్‌స్కీ పేరు వినే ఉంటారు. ఆయన చెల్లెలు బ్రోనిస్లావా నిజిన్‌స్కా పేరు చెబితే మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. నిజానికి అన్న 1913లో కూర్చిన 'వసంతారాధన' మూలరూపం పట్టుమని పది ప్రదర్శనలైనా ఆడలేదు. ఇప్పుడు మనం చూసేది 1987 నాటి పునర్నిర్మాణం. అందులో బలి అయ్యే పిల్ల సోలోని ఆయన కూర్చింది చెల్లెలి మీదే. ఆమె గర్భవతి కావడంతో ఆ పాత్ర మరియా పిల్ట్స్‌కి వెళ్ళింది. అన్నకి మహా కోపం వచ్చిందట!

ఆమె సొంత సృష్టి 'లే నోస్' 1923 జూన్‌లో పారిస్‌లో మొదలై ఇవాళ్టికీ ఆడుతోంది. లే నోస్ అంటే పెళ్ళి. ఒక రష్యన్ పల్లెలో పెళ్ళి. స్ట్రావిన్‌స్కీ సంగీతంలో గాయకులు, నాలుగు పియానోలు, డప్పులూ తాళాలూ. గొంచరోవా ముందు సంబరానికి తగ్గట్టు రంగురంగుల బట్టలు గీసింది. నిజిన్‌స్కా ఒప్పుకోలేదు. ఆమెకి అక్కడ సంబరమే కనిపించలేదు. ఆ పిల్లనీ, ఆ పిల్లాడినీ ఇష్టమేనా అని అడిగినవాళ్ళెవరు? చివరికి అందరికీ గోధుమ రంగు, తెలుపు, అంతే. విప్లవపు రోజుల్లో కీవ్‌లో బడి నడిపి, 1921లో దేశం వదిలొచ్చిన మనిషికి జానపద ముచ్చట్ల మీద మోజు లేకపోవడంలో వింతేముంది?

పెళ్ళికూతురి జడలు తాళ్ళంత పొడుగు. స్నేహితురాళ్ళు వాటిని పట్టుకుని చుట్టూ నిలబడతారు. మునివేళ్ళ మీది నాట్యం బాలేలో సాధారణంగా గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఇక్కడ మాత్రం కాళ్ళు నేలని పొడుస్తున్నట్టుంటాయి. ఒకచోట అమ్మాయిల తలలు ఒకదానిమీదొకటి గోపురంలా పేరుకుంటాయి. ఏ ముఖంలోనూ నవ్వుండదు. మన అప్పగింతలు గుర్తొస్తే అది నా తప్పు కాదు.

నాట్యానికి ఒక చిక్కుంది. గుర్తుపెట్టుకున్న ఒళ్ళు పోతే అదీ పోతుంది. 1928లో ఆమె ఇడా రూబిన్‌స్టీన్ బృందానికి రావెల్ 'బొలేరో' కూర్చినప్పుడు, అదే బృందంలో ఫ్రెడరిక్ ఆష్టన్ అనే కుర్ర నర్తకుడుండేవాడు. తర్వాత లండన్‌లో రాయల్ బాలేకి అధిపతి అయ్యాక ఆయన ఆమెని మర్చిపోలేదు. 1964లో 'లే బీష్', 1966లో 'లే నోస్' ఆమెచేతే వేయించాడు. అప్పటికి ఆమెకి డెబ్భై అయిదేళ్ళు. ఈ పిలుపే రాకపోతే?

1972లో ఆమె కాలిఫోర్నియాలో చనిపోయింది. జ్ఞాపకాల పుస్తకం 1981లో వచ్చింది. నిండా అన్నే ఉంటాడు. కథ 1914 దగ్గర ఆగిపోతుంది, 'లే నోస్' దాకా రాదు.