దేవుడికి 41 ఓట్లు

1949 అక్టోబరు 17. ఢిల్లీలో రాజ్యాంగ సభ ముందుకు పీఠిక వచ్చింది. హెచ్.వి. కామత్ లేచి ఓ సవరణ పెట్టారు. 'భారత ప్రజలమైన మేము' అనే మాటకు ముందు 'దేవుడి పేరిట' అని చేర్చాలన్నారు. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి సుభాస్ బోస్ బాట పట్టిన మనిషి ఆయన. సవరణల మీద సవరణలు పెట్టడం ఆయనకు అలవాటే గానీ, ఈసారిది సభను ఇరుకున పెట్టింది.

అడ్డు చెప్పినవారి మాటల్లో నాస్తికత్వం కన్నా మొహమాటమే ఎక్కువ వినిపిస్తుంది. దేవుడి మీద ఓటేయాల్సిన ఇబ్బంది మాకు తేవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను వేడుకున్నారు. మనసు లోతుల్లో ఉండాల్సినదాన్ని సభకెక్కించడమే తప్పన్నది హృదయనాథ్ కుంజ్రూ బాధ. తిరువాన్కూరు నేత పట్టం థాను పిళ్లై సూటిగా అడిగారు: ఇది విశ్వాసం విషయంలో బలవంతం కాదా? ఇంత గంభీరమైన చర్చలోనూ అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి ఓ కొంటె ప్రశ్న వేశారు. కామాఖ్యను కొలిచే శాక్తులం మేం, దేవుడొక్కడేనా, దేవి ఏమైపోయిందని! నవ్వులాటే కావచ్చు, కానీ ఎవరి దేవుడన్న చిక్కుముడి అందులోనే ఉంది.

అసలు కిటుకు పట్టుకున్నది మన తెలుగువాడే అనిపిస్తుంది నాకు. తర్వాతి కాలంలో కాకినాడ నుంచి లోక్‌సభకు గెలిచిన ఎం. తిరుమలరావు ఆయన. దేశానికి దేవుడు కావాలా వద్దా అన్నది కొన్ని వందలమంది సభ్యుల ఓటుతో తేలేది కాదన్నారు. పదవీ ప్రమాణంలో దేవుడి పేరు ఉంది, నమ్మనివారికి వేరే దారీ ఉంది. పీఠికలో అలా రెండు దారులు పెట్టలేం, కాబట్టి సవరణ వెనక్కి తీసుకొమ్మన్నారు.

అధ్యక్ష స్థానంలో ఉన్న రాజేంద్రప్రసాద్ కూడా అదే కోరారు. కామత్ వినలేదు, లెక్క తేలాల్సిందేనని పట్టుబట్టారు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. మన చరిత్రలో ఇదో చీకటి రోజని కామత్ ఆక్రోశించారు.

తిరుమలరావు చూపించిన ఆ రెండు దారులూ రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. కొత్త శాసనసభ కొలువుదీరిన రోజు టీవీ ముందు కూర్చుంటే వినొచ్చు: ఒకరు దైవసాక్షిగా అంటారు, ఆ వెనకే మరొకరు మనస్సాక్షిగా అంటారు.