పేట గోడల చరిత్ర – 9: బెంచీలు లేని గుడి



పోయిన నెల మా పేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మన పాత గుడి పడగొట్టేస్తన్నారు. స్లాబుతో కొత్తది కడతారట. ఫొటోలేటైనా తీసుకుంటావేటి?" అన్నాడు. మా వైపు చర్చిని గుడి అనే అంటారు. మర్నాడే బస్సెక్కి వెళ్లాను. బ్యాగులో ఒక నోట్‌బుక్కు, మేస్త్రీలు వాడే టేపు.

లోపల కొలిస్తే పొడవు ముప్పై నాలుగు అడుగులు, వెడల్పు పదహారు. గోడలు అడుగున రెండడుగుల మందం. కింద రాళ్లు, పైన మట్టి, మీద సున్నం. పైకప్పు బంగళా పెంకు. గోపురం లేదు. గంట కూడా లేదు, వేపచెట్టుకి రైలు పట్టా ముక్క కట్టి ఉంటుంది, దాన్నే కొడతారు. లోపల బెంచీలు లేవు. ఎప్పుడూ లేవు. చాపలే.

మా ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మర్చిపోయి కాదు. ఎందుకో ముందుకెళ్లాక చెప్తాను.

"ఇది కూడా ఒక కట్టడమేనా అన్నా, దీనికి చరిత్రేంటి?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. చర్చి కట్టడం అనగానే మన పుస్తకాలు మెదక్ చర్చి చూపిస్తాయి. పేటలో గుడిని చూసినవాళ్లు ఇది దొరల చర్చికి పేద నకలు అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఆ దొరల ఊళ్లోకి, ఇంగ్లండ్ పల్లెటూరి చర్చిలోకి వెళ్లి రావాలి.

పాత ఇంగ్లీషు పల్లె చర్చి సాధారణంగా తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి కొసన గంటగోపురం. తూర్పు కొసన బలిపీఠం ఉండే చిన్న భాగం, అది పాదిరీది. మధ్యలో పొడుగాటి సాల, అది జనానిది. మరమ్మతులు కూడా అలాగే పంచుకున్నారు. తూర్పు భాగం బాగుచేయించడం పాదిరీ బాధ్యత, సాల బాధ్యత ఊరి జనానిది. పంటలో పదో వంతు చర్చికి పోయేది. 1836 చట్టంతో దాన్ని డబ్బు రూపంలోకి మార్చారు. చుట్టూ సమాధుల దొడ్డి.

అసలు సంగతి బెంచీల దగ్గరుంది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో చాలా చర్చిల్లో బెంచీల చుట్టూ చెక్క గోడలు కట్టి, తలుపులు పెట్టుకున్నారు. ఏ బెంచీ ఏ ఇంటిదో రాసి ఉండేది. కొన్నిచోట్ల దానికి అద్దె. ఊరి భూస్వామి కుటుంబానికి ముందు పెద్ద అర. కొన్ని చర్చిల్లో ఆ అరలో చలిమంట పొయ్యి కూడా ఉండేది. దేవుడి ముందు కూడా కాళ్లు వెచ్చగా ఉండాలి మరి! కూలీలు వెనక, లేకపోతే పైన అటక మీద. మనకి రచ్చబండ దగ్గర ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు కదా, అలాగే అక్కడా ఎవరూ చెప్పనక్కర్లేదు. చెక్కే చెప్పేస్తుంది.

జోసెఫ్ ఆర్చ్ అనే మనిషి గురించి మీకు చెప్పాలి. 1826లో వార్విక్‌షైర్‌లోని బార్‌ఫర్డ్ అనే పల్లెలో కూలీ ఇంట పుట్టాడు. చిన్నప్పుడు ఒకరోజు చర్చి తలుపు తాళంకన్నంలోంచి లోపలికి చూశాడు. రొట్టె, ద్రాక్షారసం తీసుకోడానికి ముందు భూస్వామి వెళ్లాడు. తర్వాత రైతులు. తర్వాత దుకాణదార్లు, వడ్రంగి, కమ్మరి. అందరికన్నా చివర, పని బట్టల్లో కూలీలు. అందులో తన తండ్రి. ఆ దృశ్యం అతన్ని జీవితాంతం వదల్లేదు. పెద్దయ్యాక చర్చి వదిలి, కూలీల చిన్న ప్రార్థన మందిరాల్లో బోధకుడయ్యాడు. అక్కడ నేర్చుకున్న మాటతోనే 1872లో వ్యవసాయ కూలీల జాతీయ సంఘం కట్టాడు. 1885లో పార్లమెంటుకి వెళ్లాడు. 1898లో అచ్చయిన తన ఆత్మకథలో ఆ తాళంకన్నం సంగతి తనే చెప్పుకున్నాడు.

కాబట్టి ఇంగ్లండులోనే రెండు రకాల కట్టడాలున్నాయి. ఒకటి గోపురం, బెంచీలు, రంగు అద్దాలు ఉన్న రాజ్యం చర్చి. రెండోది గోపురం లేని గది. బాప్టిస్టులు, మెథడిస్టులు లాంటి బయటివాళ్లది. వీళ్లెంత బయటివాళ్లో ఒక్క సంగతి చాలు. 1878లో సఫోక్ జిల్లాలో ఏకన్‌హామ్ అనే పల్లెలో ఒక బాప్టిస్టు దంపతుల రెండేళ్ల బిడ్డ చనిపోయాడు. బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. బాప్తిస్మం లేని బిడ్డకి తన దొడ్డిలో ప్రార్థన కుదరదని ఊరి పాదిరీ గేటు దగ్గర గొడవకి దిగాడు. బయట పొలంలో ప్రార్థన చేసుకుని, లోపల ఒక మూల పాతిపెట్టుకున్నారు. దేశమంతా గగ్గోలైంది. 1880లో చట్టం మార్చారు. శ్మశానం కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగిన మనకి ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు మన ఊళ్లకి రండి.

మన తీరంలో ఈ రెండు కట్టడాలూ దిగాయి. మొదటిది చూడాలంటే భీమిలి వెళ్లండి. విజయనగరం నుంచి దగ్గరే. డచ్చివాళ్ల చేతిలో ఉన్న ఆ రేవు 1825లో ఇంగ్లీషువాళ్లకి వచ్చింది. మన గోగునార 'బిమ్లీ జూట్' అనే పేరుతో లోకమంతా తిరిగింది ఆ రేవు పేరుమీదే. అక్కడ సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. 1864లో మద్రాసు బిషప్ ఫ్రెడరిక్ గెల్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. బలిపీఠం వెనక రంగు అద్దాల కిటికీ, చెక్క బెంచీలు. ఇంగ్లండ్ పల్లెని తలుచుకుని దిగులుపడే ఉద్యోగులు, వర్తకుల కోసం కట్టుకున్న చోటు అది. అందంగా ఉంటుంది, కాదనను. నేను మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ చివరి బెంచీలోనే కూర్చున్నాను, ఎవరూ చెప్పకుండానే.

రెండోదాని కథ వేరే దారిలో వచ్చింది. విశాఖపట్నానికి 1805లోనే లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ వచ్చారు. బైబిలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. వాళ్లకి సాయపడ్డ ఆనందరాయర్ బ్రాహ్మణుడు, ఆయన పేరు అన్ని పుస్తకాల్లో ఉంది. పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి గారూ బ్రాహ్మణుడే, ఆయన కీర్తనలు ఇవాళ్టికీ మన పేటల్లో పాడతారు. మంచి కీర్తనలే. నా ఫిర్యాదు ఆయన మీద కాదు. పేరు ఎవరికి మిగిలింది, ఎవరికి మిగల్లేదు అన్నదే నా లెక్క.

ఒక పేరు మాత్రం మిగిలింది. థామస్ గాబ్రియేల్. మచిలీపట్నం మాల. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం. అది వదిలేసి కాకినాడలో తనే బాప్టిస్టు సంఘం పెట్టాడు, అప్పులపాలయ్యాడు. ఆయన పిలిస్తేనే కెనడా దేశస్థుడు జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ వచ్చాడు. 1875 మొదటి రోజున గాబ్రియేల్ చనిపోయాడు. కెనడియన్ బాప్టిస్టు మిషన్‌ని దొరలు తెచ్చి మనకి పెట్టారని సభల్లో చెప్తారు. నిజానికి ఒక మాల మనిషి మొదలుపెట్టి, చెయ్యి చాలక దొరల్ని పిలిచాడు. ఈ ముక్క మన విద్యార్థి సంఘాల గోడల మీద రాయాలి.

అదే 1875లో సయాం వెళ్లిన ఇంకో కెనడా బృందం అక్కడ పని కుదరక ఇటు మళ్లింది. వాళ్ల నుంచే భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి కేంద్రాలు వచ్చాయి. బొబ్బిలిలో చర్చిల్ దంపతులు దిగింది 1879లో. ఏకన్‌హామ్ బిడ్డని మూల పాతిపెట్టిన మరుసటేడు. (సాలూరు, పార్వతీపురం వైపు జర్మన్ బ్రెక్లమ్ మిషన్ 1882 తర్వాత వచ్చింది. అది లూథరన్, వాళ్ల కట్టడాలు వేరు. దాని మీద వేరే భాగం రాస్తాను.)

అంటే మా పేట గుడి భీమిలి చర్చికి నకలు కాదు. దానితో గొడవపడి బయటికొచ్చిన గదికి చుట్టం. గోపురం లేకపోవడం డబ్బు లేక మాత్రమే కాదు, ఆ మతశాఖకే గోపురం అక్కర్లేదు. బలిపీఠం లేదు, ఒక బల్ల ఉంది. పాదిరీకి వేరే గది లేదు.

మిగతాదంతా మనవాళ్లు చేర్చింది. అది నేల మీద చదవాలి.

చాపలు చూడండి. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. అంతకుమించి హద్దు లేదు. ముందొచ్చినవాళ్లు ముందు. పొలంలో కళ్లం దగ్గర దూరంగా నిలబడ్డ మనిషి, చేతిలో పైనుంచి పోసిన నీళ్లు తాగిన మనిషి, ఇక్కడ ఒకే గిన్నెలోంచి పక్కవాడితో తాగాడు. ఇప్పుడు చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులొచ్చాయి, అది వేరే సంగతి.

తలుపు చూడండి. ఊరివైపు లేదు, పేట వీధిలోకి ఉంది. దాని పక్కన గోడకి నల్లరంగు వేసిన ఒక చదరం ఇంకా కనిపిస్తుంది. అది బ్లాక్‌బోర్డు. వారంలో ఆరు రోజులు బడి, ఆదివారం గుడి. మా నాన్న అఆలు దిద్దింది ఆ గోడ కిందే.

నీళ్ల సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. బాప్టిస్టులకి నెత్తిన చిలకరిస్తే సరిపోదు, మనిషి నిండా మునగాలి. మునగాలంటే నీళ్లు కావాలి. ఊరి చెరువు మనది కాదు. అందుకే మా పెద్దలు మైళ్లు నడిచి ఏటికి వెళ్లారు. నాగావళి ఎవర్నీ కులం అడగదు కదా. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువులో నీళ్లు దోసిలితో తీసుకున్న సంగతి మనం ప్రతి ఏటా చెప్పుకుంటాం. ఆ పక్కనే తలమునకలా నీళ్లలో దిగి లేచిన ఈ మనుషుల్నీ పెట్టి చూడమంటున్నాను. రెండూ ఒకటని అనడం లేదు. రెంటిలోనూ నీళ్లే ఉన్నాయి అంటున్నాను.

ఇక ఖర్చు. మా నానమ్మని అడిగాను. ఎనభై దాటింది.

"దొరలేటిచ్చినారే?" అన్నాను.

"ఏటో కొంత ఇచ్చుంటారు బావు. రాళ్లు మా అమ్మోళ్లు మోసినారు. మట్టి మేం తొక్కినాం. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి కుండలో ఏసీవోళ్లం. నెలకోసారి ఆ బియ్యం అమ్మి పెంకులు కొన్నారు."

"ఎవరెవరు మోశారో పేర్లు చెప్తావా?"

చెప్పింది. పంతొమ్మిది పేర్లు. పదహారు ఆడవాళ్లవి. రాసుకున్నాను.

మిషన్‌ని నేను మోసేస్తున్నానని అనుకోకండి. దొరల బంగళా ఎక్కడుంది, మన గుడిసె ఎక్కడుంది, అదీ కట్టడాల చరిత్రే. కాంపౌండులో రాతి చర్చి, పేటలో మట్టి గది. దొరసాని ఉత్తరాలు కెనడాలో పుస్తకాలయ్యాయి. ఆమె వెంట ఎండలో నడిచిన బైబిలు స్త్రీలు చాలామంది ఫొటోల కింద పేరు లేకుండా ఉండిపోయారు. సంఘాల్లోపల మాల, పైడి, రెల్లి తేడాలు చాప మీదికి రాకపోయినా పెళ్లి దగ్గరికి వచ్చాయి. వస్తున్నాయి.

ఇప్పుడు ఊరి పేరు సంగతి.

1950 రాజ్యాంగ ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని మనిషి షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకి బీసీ-సీ, ఒక్క శాతం. 1993 నాటి 16వ నంబరు చట్టం కింద సర్టిఫికెట్ రద్దు చెయ్యొచ్చు. ఊళ్లో గ్లాసు మాత్రం మతం చూసి మారలేదు, పేట పేటలోనే ఉంది. కాగితం మీద మాత్రం మారిపోతుంది.

2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రైస్తవులు నూటికి ఒకరు కూడా లేరు. ఆదివారం పేటలో రైలు పట్టా ముక్క మోగినప్పుడు కదిలే జనాన్ని చూస్తే ఆ లెక్క మీకే తెలుస్తుంది. తప్పు లెక్క రాసినవాళ్లది కాదు, చెప్పినవాళ్లదీ కాదు. పిల్లాడి సీటు పోతుందంటే ఏ తల్లి చెప్తుంది?

అందుకే మన గుళ్లకి చరిత్ర లేదు. రాయగలిగినవాళ్లకి పేర్లు తెలియవు, తెలిసినవాళ్లు రాయలేరు. ఆ పంతొమ్మిది పేర్లు నా నోట్‌బుక్కులో ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడ పెట్టలేను. పెడితే వాళ్ల మనవళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాల మీద ఎవడో అర్జీ పెడతాడు. ఇంగ్లండులో ఏ పల్లెకి వెళ్లినా చర్చి గోడకి పాదిరీల పేర్లు వందల ఏళ్ల వెనక నుంచి వరసగా రాసి ఉంటాయి. ఇక్కడ రాళ్లు మోసిన మనిషి పేరు నోటితో చెప్పడానికే గొంతు తగ్గించాలి.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్తాను. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ పేట గుడిని కొలవండి. గోడ మందం, తలుపు దిక్కు, కప్పు ఎన్నిసార్లు మారింది, తాటాకు ఎప్పుడు పోయింది, పెంకు ఎప్పుడొచ్చింది. ముసలాళ్లని, ముఖ్యంగా ఆడవాళ్లని, అడిగి రాసుకోండి. పాత బాప్తిస్మాల రిజిస్టరు ఉంటే ఫొటో తీసి ఇంట్లో దాచుకోండి. ఎక్కడా పోస్టు చెయ్యకండి. ఊరి పేరు తీసేసి కొలతలు నాకు పంపండి.

మా కొత్త గుడి ప్లాను చూపించారు సంఘం పెద్దలు. రెండు గోపురాలు, టైల్స్, ముందు వరసలో ఆరు కుర్చీలు. "అవెవరికి తాతా?" అన్నాను. "వచ్చిన పెద్దమనుషులకి" అన్నాడాయన. జోసెఫ్ ఆర్చ్ కథ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "కుర్చీల సంగతి ఆలోచిద్దాం గానీ, గోపురాలు మాత్రం ఉండాల్రా. బస్సులోంచి అవుపడాలి కదా మనది కూడా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. రైలు పట్టా ముక్క మాత్రం పాత ఇనుముకి అమ్మకుండా మా ఇంటి అరుగు మీద పెట్టించాను.

వచ్చే భాగం: సమాధుల దొడ్డి.

జై భీమ్.