హాపింగ్‌కి పోయిన తల్లులు

లండన్ తూర్పు పేటల్లో ఒకప్పుడు సెలవన్నా కూలి పనన్నా ఒకటే. సెప్టెంబరు వస్తోందంటే ఈస్ట్ ఎండ్ తల్లులు గిన్నెలూ దుప్పట్లూ పెట్టెలకెత్తి, పిల్లాజెల్లాతో కెంట్ పల్లెలకు బయల్దేరేవారు. ‘హాపింగ్‌కి పోతున్నాం’ అనేవారు. బీరుకు చేదునీ వాసననీ ఇచ్చే హాప్స్ పూలు కోయడానికి.

ఫ్లాండర్స్ నుంచి 16వ శతాబ్దంలో వచ్చిన ఈ తీగపంట 1870ల చివరికి ఇంగ్లండ్‌లో 70 వేల ఎకరాలు దాటింది. కోత కొద్ది వారాల్లోనే ముగియాలి, అంతమంది కూలీలు ఊళ్లలో దొరకరు. అందుకే లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి తెల్లవారకముందే చౌక టికెట్ల ప్రత్యేక రైళ్లు నడిచాయి. మగవాళ్లు చాలామంది పట్నంలో పనికి ఉండిపోయి, వారాంతాల్లో వచ్చేవారు.

తోటలో పొడవాటి గోనె తొట్టె చుట్టూ ఇల్లంతా కూర్చునేది. పైనున్న తీగను లాగి తొట్టెమీద పడేస్తే, ఆకు కలవకుండా పూలు దూయాలి. జిగురుకు వేళ్లు నల్లబడేవి, తినే రొట్టె కూడా చేదెక్కేది. కొలిచేవాడు బుట్టతో వస్తున్నాడనగానే తల్లి మోచేతుల దాకా తొట్టెలో దూర్చి పూలను పైకి పొంగించేది. అతను అదిమి కొలిచాడా, గంట కష్టం గంగలో కలిసినట్టే! కూలి బుషెల్ అనే కొలత లెక్కన మరి. నా దృష్టిలో ఆ కాలమంతా ఆ బుట్ట దగ్గరే కనిపిస్తుంది.

కష్టాలు అంతటితో ఆగలేదు. 1849లో ఈస్ట్ ఫార్లేలో కలరాకు 43 మంది కూలీలు పోయారు. 1853 అక్టోబరులో వరదెత్తిన మెడ్వే నదిమీద హార్ట్‌లేక్ వంతెన దాటుతూ బండి పడిపోయి 30 మంది కూలీలు మునిగిపోయారు. స్టెప్నీ నుంచి వచ్చిన ఫాదర్ రిచర్డ్ విల్సన్ ఫైవ్ ఓక్ గ్రీన్‌లో వీళ్ల పిల్లలకోసం చిన్న ఆసుపత్రి నడిపాడు. 1931లో రచయిత జార్జ్ ఆర్వెల్ కూడా కెంట్‌లో కోతకు వచ్చి, కూలి ఎంత తక్కువో రాశాడు.

అయినా ఆ ఆడవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చారు. రేకుల గుడిసెకు గోడకాగితం అంటించి, కట్టెపుల్లల మీద గడ్డిపరుపు వేసి, రాత్రి మంట చుట్టూ పాడుకున్నారు. 1940లో నెత్తిన విమానాలు పోరాడుతున్నా కోత ఆగలేదు.

చివరికి కోత యంత్రాలు వచ్చాయి. 1960లకల్లా చేతి కోత దాదాపు ముగిసింది. ఆ తర్వాత కూడా కొన్ని కుటుంబాలు, కోయడానికి పువ్వు లేకపోయినా, సెప్టెంబరులో ఆ గుడిసెలకే వచ్చి ఉండేవి.