గిరి గారు వదులుకున్న మంత్రి పదవి

1954 ఆగస్టు, ఢిల్లీ. కేంద్ర కార్మిక మంత్రి వి.వి. గిరికి అరవై నిండి నెలైనా కాలేదు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పును ఆయన సొంత ప్రభుత్వమే సవరించింది. 30 వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళను కొత్తగా ‘నాలుగో తరగతి’ ప్రాంతంగా విడదీసింది. అక్కడి ఉద్యోగికి జీతభత్యాలు తక్కువ.

ఆ దెబ్బ ఎవరికి తగులుతుంది? చిన్న ఊరి బ్రాంచిలో గుమస్తాను తలచుకోండి. పొద్దున్నే లెడ్జరు తెరవాలి. సాయంత్రం నగదు అణాపైసలతో సహా సరిపోవాలి. తేడా వస్తే దీపాలు పెట్టినా ఇంటికి కదలడానికి లేదు. పట్నంలో గుమస్తా చేసేదీ ఇదే పని. వస్తుందనుకున్న కరువు భత్యంలో ఇప్పుడు కోత, అదీ ఊరు చిన్నదైన పాపానికి!

ఈ తగాదా అప్పటికే చాలా చేతులు మారింది. 1949లో ఒక ట్రిబ్యునల్ వేశారు. మరుసటి ఏడాది వచ్చిన దాని తీర్పును, ట్రిబ్యునల్ కూర్పులోనే లోపముందని 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1952లో శాస్త్రి ట్రిబ్యునల్, ఆ తర్వాత అప్పీలు, చివరికి ఈ సవరణ. ఇన్నేళ్ళలో ఇరుపక్షాలూ వకీళ్ళ ద్వారా మాట్లాడుకున్నవే తప్ప తమంతట తాము తేల్చుకున్నది లేదు.

గిరి గారు మొదటి నుంచీ వద్దన్నది దీన్నే. బరంపురంలో తెలుగింట పుట్టిన ఆయన 1913లో చదువు కోసం డబ్లిన్ వెళ్ళారు. అక్కడ వేలాదిమంది కార్మికులను యజమానులు పనిలోకి రానివ్వక గేట్లు మూసేసిన ఏడాది అది. తిరిగొచ్చాక బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించారు. 1952లో పాతపట్నం నుంచి గెలిచి మంత్రి అయ్యాక ఆయన పట్టు ఒక్కటే: యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చోవాలి, కుదరకపోతే ఇద్దరికీ నచ్చిన మధ్యవర్తిని పిలవాలి. నిర్బంధంగా ట్రిబ్యునల్‌కు పంపడాన్ని ఆయన కార్మికుల మొదటి శత్రువుగా చూశారు. దీన్నే ‘గిరి విధానం’ అన్నారు. ఒంటరి గుమస్తా బ్యాంకు యాజమాన్యం ముందు కూర్చుని ఏం అడగగలడు? అందుకే బలమైన సంఘం ఉండి తీరాలని కూడా అన్నారు.

ట్రిబ్యునళ్ళంటే గిట్టని మనిషే ట్రిబ్యునల్ తీర్పు కోసం రాజీనామా చేశారు. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. తగాదా పడ్డ ఇద్దరినీ పెద్దమనిషి దగ్గరికి పంపినవాళ్ళే ఆ పెద్దమనిషి చెప్పిన మాట దిద్దితే, రేపు ఏ మధ్యవర్తిని ఎవరు నమ్ముతారు? ఆ ఆగస్టులోనే గిరి గారు మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. ప్రభుత్వం మళ్ళీ కమిషన్ వేసింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ నివేదిక 1955లో వచ్చింది.

అసలు మలుపు 1966 అక్టోబర్ 19న. బ్యాంకు యాజమాన్యాలూ ఉద్యోగ సంఘాలూ బల్లకు అటూ ఇటూ కూర్చుని మొదటి ద్వైపాక్షిక ఒప్పందంపై సంతకాలు చేశాయి. అప్పటి నుంచీ బ్యాంకు జీతాలు మాటల మీదే తేలుతున్నాయి. పన్నెండో ఒప్పందం 2024 మార్చిలో కుదిరింది. మొదటి ఒప్పందం జరిగిన మూడేళ్ళకే, 1969 జూలై 19న, 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టిందీ గిరి గారే.

ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్న గిరి గారి మాట మనకూ పనికొస్తుంది. మన చేబ్రోలులో కూలి బకాయి పడినా, వ్యాపారంలో వాటాల దగ్గర పేచీ వచ్చినా ముందు దావా మాట ఎత్తకండి. మీ ప్రాంతపు కోర్టులోని మండల న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. కోర్టు ఫీజు లేదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. 3 లక్షల రూపాయలు, ఆ పైన విలువైన వాణిజ్య తగాదాకైతే, అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వం చట్టప్రకారం తప్పనిసరి. వెళ్ళేటప్పుడు లెక్కల పుస్తకం, రాసుకున్న కాగితాలు వెంట తీసుకెళ్ళండి.